రెండు చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్కేసుకోండి

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో కెయిర్న్స్, టౌన్స్‌విల్ అని రెండు ఎయిర్‌పోర్టులున్నాయి. వాటి మధ్య విమాన దూరం ఎంత అని ఏదో ఒక దూరాల వెబ్‌సైట్‌లో అడిగితే 284 కిలోమీటర్లు అని చెబుతుంది. ఆ పక్కనే చాలాసార్లు ఇంకో అంకె ఉంటుంది: ప్రయాణం 21 నిమిషాలు. దూరం సరైనదే. 21 నిమిషాలు మాత్రం 284ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించగా వచ్చిన అంకె. టికెట్ మీద కనిపించేది దాదాపు గంట.

మిగతా అరగంట పైచిలుకు ఎక్కడికి పోయింది? పెద్ద నగరాల మధ్య ఐదారు గంటలు ఎగిరేటప్పుడు ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య పొట్టి ప్రయాణాల్లో మాత్రం అదే సగం సమయం తినేస్తుంది. దూరం లెక్క సులువుగానే ఉంటుంది, దాన్ని ముందు ముగించేద్దాం. ఆ తర్వాత తీరిగ్గా సమయం సంగతి చూద్దాం.

1. ముందు ఎయిర్‌పోర్టు ఏదో తేల్చుకోండి

ఊరి పేరుతో వెతకొద్దు, కోడ్‌తో వెతకండి. టికెట్ల మీద కనిపించే మూడక్షరాల కోడ్ విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం అయాటా ఇచ్చేది. కెయిర్న్స్‌ది సీఎన్ఎస్, టౌన్స్‌విల్‌ది టీఎస్‌వీ. పైలట్లు, కంట్రోలర్లు వాడే నాలుగక్షరాల కోడ్ ఐక్యరాజ్యసమితి విమానయాన విభాగం ఇకావోది. కెయిర్న్స్‌కు అది వైబీసీఎస్. మరీ చిన్న రన్‌వేలకు మూడక్షరాల కోడ్ లేకపోయినా నాలుగక్షరాలది ఉండే అవకాశం ఉంది.

ఇది మరీ చాదస్తం అనిపిస్తే, సిడ్నీకి అని టికెట్ కొని, ఆస్ట్రేలియాకు బదులు కెనడాలోని నోవా స్కోషియాలో ఉన్న సిడ్నీలో దిగినవాళ్లు ఉన్నారని గుర్తుంచుకోండి. ఒకసారి కాదు, ఇలాంటివి చాలాసార్లు వార్తల్లోకి ఎక్కాయి. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అమెరికాలోని అలబామాలోనూ ఉంది. శాన్ హోసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికాలో ఒకటి.

ఇంకో చిక్కుంది. పేరులో ఉన్న ఊరు ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే ఉండాలని రూలేమీ లేదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి వంద కిలోమీటర్ల పైనే. పారిస్ పేరు పెట్టుకున్న బోవే ఎయిర్‌పోర్టు పారిస్‌కు 80 కిలోమీటర్లకు మించి దూరంలో ఉంది. గాల్లో ఆదా అయిన సమయమంతా ఇలాంటి చోట్ల బస్సులో కరిగిపోతుంది.

2. అక్షాంశం, రేఖాంశం తీసుకోండి

ప్రతి ఎయిర్‌పోర్టుకూ ఒక అధికారిక బిందువు ఉంటుంది, సాధారణంగా రన్‌వేల మధ్య ప్రాంతంలో. మ్యాపుల్లోనూ వికీపీడియాలోనూ దొరికేది ఇంచుమించు ఆ బిందువే. మన ఉదాహరణకు కావలసినవి ఇవి:

కెయిర్న్స్: దక్షిణ అక్షాంశం 16.8858, తూర్పు రేఖాంశం 145.7553
టౌన్స్‌విల్: దక్షిణ అక్షాంశం 19.2525, తూర్పు రేఖాంశం 146.7653

ఇక్కడ నేనూ ఒకసారి బోల్తాపడ్డాను. కెయిర్న్స్ అక్షాంశాన్ని కొన్ని చోట్ల 16 డిగ్రీల 53 నిమిషాలు అని రాస్తారు. దాన్ని 16.53 అని కొట్టేశాను. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 53ని 60తో భాగించి 16.88 అని రాయాలి. ఆ చిన్న పొరపాటుకు ఎయిర్‌పోర్టు దాదాపు 39 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోయింది. అసలు దూరం 284 అయిన చోట 39 అంటే మాటలు కాదు.

దక్షిణ అక్షాంశానికి, పడమటి రేఖాంశానికి మైనస్ గుర్తు పెట్టాలి. రెండు ఎయిర్‌పోర్టులూ భూమధ్యరేఖకు ఒకే వైపు ఉంటే, రెండింటికీ మర్చిపోయినా దూరం మారదు. ఒకదానికి పెట్టి ఇంకొకదానికి మర్చిపోతేనే కొంప మునుగుతుంది.

3. దూరం: పలకా బలపం చాలు

ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111.2 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ దగ్గర అంతే ఉండి, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుంటుందో అక్కడి అక్షాంశపు కొసైన్ చెబుతుంది. తెలుసుకోవలసింది ఇంతే.

అక్షాంశాల తేడా 2.3667 డిగ్రీలు. దాన్ని 111.2తో గుణిస్తే 263 కిలోమీటర్లు.

రేఖాంశాల తేడా 1.01 డిగ్రీలు. రెండు అక్షాంశాల సగటు 18.07, దాని కొసైన్ 0.951. కాబట్టి 1.01 × 0.951 × 111.2 = 107 కిలోమీటర్లు.

ఈ రెండూ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. కర్ణం కావాలి: 263 వర్గం, 107 వర్గం కలిపి వర్గమూలం తీయండి. 284 కిలోమీటర్లు వస్తుంది. బడిలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం, అంతకు మించి ఏమీ లేదు.

భూమి గుండ్రంగా ఉంది కదా, ఇలా చదునుగా లెక్కేస్తే ఎలా అని మీకు అనుమానం రావచ్చు. గోళం మీద కచ్చితమైన పద్ధతి హావర్‌సైన్ సూత్రం. అక్షాంశాల తేడాలో సగానికి సైన్ తీసి వర్గం చేయాలి. రేఖాంశాల తేడాలో సగానికి కూడా అలాగే చేసి, రెండు అక్షాంశాల కొసైన్లతో గుణించాలి. రెండింటినీ కలిపి, వర్గమూలం తీసి, దానికి సైన్ విలోమం కనుక్కుని, 2తోనూ భూమి సగటు వ్యాసార్ధం 6,371తోనూ గుణించాలి. సైన్ విలోమం రేడియన్లలోనే ఉండాలి. ఎక్సెల్‌లో చేసేవాళ్లు డిగ్రీలను ముందే రేడియన్లలోకి మార్చుకోవాలి. మర్చిపోతే అర్థంపర్థం లేని అంకె వస్తుంది, కాబట్టి తప్పు వెంటనే పట్టుబడుతుంది.

మన ఉదాహరణకు ఈ సూత్రం ఇచ్చేదీ 284 కిలోమీటర్లే. కాస్త కష్టమైన జంటతో చూద్దామని నార్వేలో బెర్గెన్ నుంచి ట్రోమ్సో దాకా లెక్కేశాను. ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి పైన ఉంది. హావర్‌సైన్ ఇచ్చింది సుమారు 1,220 కిలోమీటర్లు, చదును పద్ధతి 1,227. వెయ్యి దాటిన దూరానికి, అంత ఉత్తరాన కూడా తేడా ఏడు కిలోమీటర్లకు మించలేదు. అందుకే ప్రాంతీయ ప్రయాణాలకు నేను పలకా బలపం పద్ధతే వాడతాను. అయితే కొసైన్ మర్చిపోకూడదు. బెర్గెన్, ట్రోమ్సోల మధ్య రేఖాంశాల తేడా 13.7 డిగ్రీలు. కొసైన్ పెడితే అది సుమారు 644 కిలోమీటర్లు, పెట్టకపోతే 1,500 దాటుతుంది.

180 డిగ్రీల రేఖాంశం దగ్గర ఒక వింత ఉంది. ఫిజీలో నాడి ఎయిర్‌పోర్టు తూర్పు 177.4 దగ్గర, టవేయూని దీవిలోని మాటేయి ఎయిర్‌పోర్టు పడమర 179.9 దగ్గర ఉన్నాయి. గుర్తులు పెట్టి తీసివేస్తే తేడా 357 డిగ్రీలు! అంటే భూమిని దాదాపు చుట్టేసి రావాలన్నమాట. తేడా 180 దాటినప్పుడల్లా 360లోంచి తీసేయండి. నిజమైన తేడా 2.7 డిగ్రీలే. హావర్‌సైన్‌కు ఈ బెడద లేదు, దాన్ని తనే సర్దుకుంటుంది.

విమానయానంలో దూరాలు నాటికల్ మైళ్లలో ఉంటాయి. ఒకటి 1.852 కిలోమీటర్లు. అందువల్ల 284 కిలోమీటర్లు 153 నాటికల్ మైళ్లు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. ఈ రెండు మైళ్లనూ కలగాపులగం చేస్తే 15 శాతం తేడా వచ్చేస్తుంది.

4. విమానం ఆ గీత మీదే వెళ్లదు

బయల్దేరేటప్పుడు రన్‌వే ఎటు చూస్తుంటే అటే ఎగరాలి. గాలికి ఎదురుగా లేచి, గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి, వెళ్లాల్సిన ఊరు వెనకవైపు ఉన్నా ముందుకు లేచి తిరిగి రావాల్సిందే. దిగేటప్పుడు రన్‌వేకు వరుసగా రావడానికి ఇంకో చుట్టు. మధ్యలో నిర్దేశిత మార్గాలు, సైనిక విమానాలకు కేటాయించిన గగనతలం, ఉరుముల మబ్బులు, కొండలు. పొట్టి ప్రయాణాలకు నేను సరళ దూరానికి 20 నుంచి 40 కిలోమీటర్లు కలుపుకుంటాను. ఇది శాతాల లెక్కలో చెప్పేది కాదు. విమానం పైకి లేవడం, కిందికి దిగడం 200 కిలోమీటర్ల ప్రయాణానికైనా 1,000 కిలోమీటర్ల ప్రయాణానికైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

5. ఏ విమానం?

టికెట్ బుక్ చేసే చోట విమానం రకం రాసి ఉంటుంది. పైకి లేచాక ఉండే వేగాలు ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి. రెక్కల మీద ప్రొపెల్లర్లు తిరిగే ఏటీఆర్ 72 గంటకు 500 కిలోమీటర్లు. అదే కోవకు చెందినా కాస్త చురుకైన డాష్ 8-400కి 600 నుంచి 650. ఎంబ్రాయర్ 190, ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి జెట్లు 800కు పైన. ఒకే ఇంజిన్ ఉన్న సెస్నా కారవాన్ 340 ప్రాంతంలో.

జెట్ అంటే చాలా తొందరగా వెళ్లిపోతామని అనుకుంటాం. 284 కిలోమీటర్లకు ఏటీఆర్ 34 నిమిషాలు తీసుకుంటే జెట్ 21 తీసుకుంటుంది. తేడా 13 నిమిషాలు, అదీ కాగితం మీద. 1,220 కిలోమీటర్లకైతే 146కు 91, అంటే దాదాపు గంట తేడా. విమానయాన సంస్థలు పొట్టి మార్గాల్లో ప్రొపెల్లర్ విమానాలు నడపడానికి ఇదొక కారణం. ఇంధనం బాగా తక్కువ తాగుతాయి, ఆలస్యం పెద్దగా కాదు.

6. ఆ అరగంట

టైమ్‌టేబుల్లో ఉండేది గాల్లో ఉన్న సమయం కాదు, బ్లాక్ టైమ్. విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతల నిలిపే చోట ఆగేదాకా. కదలకుండా చక్రాలకు అడ్డంగా పెట్టే దిమ్మలు ఉంటాయే, వాటి నుంచి వచ్చిన పేరు అది.

కదిలాక విమానం నేలమీదే రన్‌వే దాకా వెళ్లాలి. రద్దీ లేని చిన్న ఎయిర్‌పోర్టులో ఇది ఐదు నిమిషాల పని. అయితే కొన్ని చిన్న ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే చివరికి చేరే పక్కదారి, అంటే టాక్సీవే, ఉండదు. విమానం రన్‌వే మీదనే చివరిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, అప్పుడు పరుగు మొదలుపెడుతుంది. ఆ సమయంలో ఇంకో విమానం దిగుతుంటే ఆగాల్సిందే.

లేచాక వెంటనే పూర్తి వేగం రాదు. 10,000 అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదనే నియమం చాలా దేశాల్లో ఉంది. దిగేటప్పుడూ అంతే. ఇక దిగడం ఎంత ముందు మొదలవుతుందో చూడండి. పైలట్ల మోటు లెక్క ఒకటుంది: ప్రతి 1,000 అడుగులకు 3 నాటికల్ మైళ్లు. 20,000 అడుగుల నుంచి దిగాలంటే 60 నాటికల్ మైళ్లు, అంటే 111 కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. మనది మొత్తం 284. ఎక్కడానికి ఇంకో 80, 90 పోయాయనుకోండి, పూర్తి వేగంతో తిన్నగా ఎగిరేది వంద కిలోమీటర్లకు అటూఇటూ. సీటు బెల్టు లైటు ఆరిందో లేదో మళ్లీ వెలిగిందని విసుక్కునేవాళ్లకు కారణం ఇదే. మరీ పొట్టి మార్గాల్లో విమానం తన గరిష్ఠ ఎత్తు దాకా అసలు పోదు.

ఇవన్నీ కలిపి నేను వాడే సూత్రం ఒకటే: దూరాన్ని వేగంతో భాగించండి, అరగంట కలపండి.

డాష్ 8-400తో కెయిర్న్స్ నుంచి టౌన్స్‌విల్: 284కు ఒక 30 కలిపి 314 కిలోమీటర్లు. 600 వేగంతో 31 నిమిషాలు, పైన అరగంట. గంట. జెట్‌తో హోబార్ట్ నుంచి మెల్‌బోర్న్: 617కు 30 కలిపితే 647, 800 వేగంతో 49 నిమిషాలు, పైన అరగంట. గంటా ఇరవై. రెండు చివర్లూ ప్రశాంతమైన చిన్న ఎయిర్‌పోర్టులైతే అరగంటను 20, 25 నిమిషాలకు తగ్గించుకోవచ్చు. ఒక చివర రద్దీగా ఉండే పెద్ద ఎయిర్‌పోర్టు ఉంటే 40కి పెంచండి.

విమానయాన సంస్థలు దీని మీద ఇంకొంచెం జాగ్రత్త కూడా కలుపుకుంటాయి. చెప్పిన సమయానికి 15 నిమిషాల లోపు చేరితే సకాలంలో వచ్చినట్టే లెక్కిస్తారు. అందుకే కాస్త ఎక్కువ సమయం రాసుకుంటే రికార్డు బాగుంటుంది. "పది నిమిషాల ముందే దిగుతున్నాం" అని పైలట్ సంతోషంగా ప్రకటిస్తే, సగం ఘనత టైమ్‌టేబుల్ రాసినవాళ్లది.

ఈ అరగంట సూత్రం పనిచేయని చోటు కూడా చెప్పాలి. స్కాట్లండ్ ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య రోజువారీ సర్వీసు ఉంది. దూరం 2.7 కిలోమీటర్లు. టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలు, గాలి కలిసొస్తే నిమిషంలోపే. లండన్‌లోని హీత్రో ఎయిర్‌పోర్టు రన్‌వేలు దీనికంటే పొడవు. ఎనిమిది మంది పట్టే బుల్లి విమానానికి మన సూత్రాలేవీ వర్తించవు.

7. గాలి

ఎదురుగాలి పోయేటప్పుడు తిన్నది, వెనకగాలి వచ్చేటప్పుడు ఇచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. ఇవ్వదు. 600 కిలోమీటర్ల దూరం, 500 వేగం, 100 గాలి అనుకోండి. గాలి లేకపోతే పోను 72 నిమిషాలు, రాను 72, మొత్తం 144. గాలి ఉంటే పోను 400 వేగంతో 90 నిమిషాలు, రాను 600 వేగంతో 60, మొత్తం 150. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ. పక్కగాలి కూడా ఊరికే పోదు. ముక్కును కాస్త గాలివైపు తిప్పి ఎగరాలి కాబట్టి ముందుకు పోయే వేగం కొంచెం తగ్గుతుంది.

సమశీతోష్ణ ప్రాంతాల్లో ఎత్తున వీచే జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకు, చలికాలంలో ఇంకా బలంగా ఉంటుంది. ప్రొపెల్లర్ విమానాలు ఎగిరేది 25,000 అడుగుల లోపే కాబట్టి వాటికి దాని తాకిడి తక్కువ. కానీ వేగం తక్కువ కావడంతో తగిలిన కాస్త గాలీ ఎక్కువగా కనిపిస్తుంది. ఉత్తర దక్షిణాలుగా వెళ్లే గంట ప్రయాణానికి నేను దీన్ని లెక్కలోకి తీసుకోను. తూర్పు పడమరలుగా రెండు గంటల ప్రయాణమైతే పది నిమిషాలు చేతిలో ఉంచుకుంటాను.

8. గడియారంతో మోసపోవద్దు

టికెట్ మీద రెండు సమయాలూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. అందుకే ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసే ముందు టైమ్ జోన్ చూడాలి. న్యూ సౌత్ వేల్స్‌లో అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా గడియారం గంట ముందుకు జరుపుతారు, పక్కనే ఉన్న క్వీన్స్‌లాండ్‌లో జరపరు. ఆ నెలల్లో క్వీన్స్‌లాండ్ సమయం పాటించే గోల్డ్‌కోస్ట్ నుంచి పదింటికి బయల్దేరి గంటన్నర ఎగిరితే సిడ్నీలో పన్నెండున్నర. తిరుగు ప్రయాణం పదింటికైతే పదిన్నరకే దిగుతారు. తమాషా ఏమిటంటే గోల్డ్‌కోస్ట్ రన్‌వే రాష్ట్ర సరిహద్దును దాటి ఉంది. వేసవిలో ఆ రన్‌వే ఒక కొసకు, ఇంకో కొసకు కాగితం మీద గంట తేడా.

ఇంతకంటే వింత సమోవాలో ఉంది. 2011 డిసెంబర్ చివర్లో ఆ దేశం తేదీ మారే గీతకు, అంటే అంతర్జాతీయ దినరేఖకు, అవతలి వైపుకు మారింది. పొరుగున ఉన్న అమెరికన్ సమోవా మారలేదు. రెండింటి మధ్య దూరం సుమారు 150 కిలోమీటర్లే అయినా, గడియారం తేడా 24 గంటలు. ముల్లు అక్కడే ఉంటుంది, తేదీ మారిపోతుంది. తేడా ఎంతో తెలియకపోతే రెండు సమయాలనూ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలోకి మార్చి తీసేయండి.

9. వచ్చిన లెక్కను సరిచూసుకోండి

విమానాల కదలికలు చూపించే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి వెబ్‌సైట్లలో ఆ ఫ్లైట్ నంబర్ కొడితే గత కొన్ని రోజుల నిజమైన సమయాలు కనిపిస్తాయి. ఏడు రోజులవి తీసి, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, నడిమిది తీసుకోండి. సగటు తీయొద్దు. ఒక్కరోజు తుపాను వచ్చి రెండు గంటలు ఆలస్యమైతే సగటు పాడైపోతుంది. అక్కడ చూపించేది గాల్లోని సమయమా, బ్లాక్ టైమా అన్నది కూడా గమనించండి. మీ లెక్క పది నిమిషాల తేడాలో ఉంటే బాగా చేసినట్టే. అరగంట తేడా వస్తే తప్పు దాదాపు ఎప్పుడూ విమానం రకంలోనో టైమ్ జోన్‌లోనో ఉంటుంది.

10. గుమ్మం నుంచి గుమ్మం దాకా

గంట విమానం అంటే గంట ప్రయాణం కాదు. ఎయిర్‌పోర్టుకు చేరడం, గంట ముందు ఉండటం, దిగాక సామాను, అక్కడి నుంచి ఊరు. చిన్న ఎయిర్‌పోర్టుల్లో నచ్చేది ఇక్కడే. సెక్యూరిటీ లైను పొట్టిది, విమానం మెట్ల నుంచి బయటి గేటు దాకా ఐదు నిమిషాల నడక. కెయిర్న్స్ నుంచి టౌన్స్‌విల్‌కు రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు, నాలుగు గంటలు. విమానంలో అన్నీ కలిపి మూడు గంటలు అనుకోవచ్చు. గంట కోసం విమానమా కారా అన్నది మీ ఇష్టం. టికెట్ ధర, సామాను బరువు చూసుకుని తేల్చుకోండి.

నేరుగా సర్వీసు లేకపోతే కథ పూర్తిగా మారిపోతుంది. చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఎక్కువ పెద్ద ఎయిర్‌పోర్టుకే కలిసి ఉంటాయి, ఒకదానితో ఒకటి కాదు. టాస్మానియా దీవిలో హోబార్ట్, లాన్సెస్టన్ ఎయిర్‌పోర్టుల మధ్య సరళ దూరం 146 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం దొరకక మెల్‌బోర్న్ మీదుగా పోవాలంటే హోబార్ట్ నుంచి మెల్‌బోర్న్ 617, అక్కడి నుంచి లాన్సెస్టన్ 476, మొత్తం 1,093 కిలోమీటర్లు. అరగంటలు రెండు, మధ్యలో విమానం మారడానికి ఒక గంటైనా. ఎంత బిగించి లెక్కేసినా దాదాపు మూడున్నర గంటలు పడుతుంది. అదే దీవిలో కారెక్కితే రెండు, రెండున్నర గంటల్లో చేరిపోతారు. దూరాల వెబ్‌సైట్ మాత్రం ఈ జంటకు కూడా 146 కిలోమీటర్లు, 11 నిమిషాలు అని చూపిస్తూనే ఉంటుంది.